చాటలో పోయిన ఏళ్లు: భవిష్యనిధి ధర్మకర్తల మండలికి ఒక బహిరంగ లేఖ

ఉద్యోగుల భవిష్యనిధి (పీఎఫ్) సంస్థ కేంద్ర ధర్మకర్తల మండలి అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

విషయం: 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో మహిళల సర్వీసు లెక్కింపు.

నేను నిజామాబాద్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకురాలిని. 2004కు ముందే ఉద్యోగంలో చేరాను కాబట్టి నాకు పాత పద్ధతిలోనే పింఛను వస్తోంది. అంటే ఈ లేఖలో నా సొంత లెక్క ఏదీ లేదు. ఇందులో ఉన్నది మా వీధి చివర ఉండే ఒకామె లెక్క. నెట్ సెంటర్‌లో పది రూపాయలిచ్చి తీయించుకున్న రెండు పేజీల సర్వీసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చేసిన పని రాసే బీడీ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుని, ఒక సాయంత్రం మా ఇంటికి తెచ్చింది. ఆమెకు ఇప్పుడు యాభై ఒకటో ఏడు. "యాభై ఎనిమిది నిండినంక నాకు ఎంతొస్తది, టీచరమ్మా?" అని అడిగింది. కాగితం రెండుసార్లు చదివాక, నెలనెలా పింఛను ఏమీ రాదని చెప్పాల్సి వచ్చింది.

ఆమె పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చేస్తోంది. తునికాకు తడిపి, రేకు ముక్క పెట్టి కత్తిరించి, చాటలో జర్దా పోసుకుని, చుట్టి, మూతి మడిచి, దారం కట్టడం ఆమెకు అక్షరాల కన్నా ముందే వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండగానే ఆమె పేరున కార్డు, భవిష్యనిధి ఖాతా వచ్చాయి. ఆరేళ్లు జమ అయింది. రెండో కాన్పు తర్వాత చంటిపిల్లతో పొగాకు ముందు కూర్చోలేక మానేసింది. మానేసినప్పుడు అందరూ చెప్పినట్టే ఫారాలు పెట్టి, నిధితో పాటు పింఛను వాటా కూడా తీసేసుకుంది. ఆ సొమ్ము ఇంటి పైకప్పుకు పోయింది. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ చాట పట్టింది, కానీ ఈసారి కార్డు అత్తగారిది. ఇద్దరూ చుట్టేవారు, జమ ఒకరి పేరునే అయ్యేది. ఇలా పన్నెండు పదమూడేళ్లు గడిచాయి. అత్తగారు పోయాక తన పేరున మరో కంపెనీలో కొత్త కార్డు దొరికింది. దానిమీద తొమ్మిదేళ్ల రెండు నెలలు పనిచేసి, మెడనొప్పి, చూపు మందగించడంతో ఆపేసింది.

ముప్ఫై ఏళ్ల పైచిలుకు పని ఇది. మీ పథకం దృష్టిలో మాత్రం తొమ్మిదేళ్ల రెండు నెలలు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఆరు నెలలు, ఆపైన ఉన్న భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదేళ్ల ఆరు నెలలు ఉన్నా సరిపోయేది. నాలుగు నెలలు తక్కువైంది.

ఇలాంటి కాగితాలను చదవడం నాకు నేర్పింది క్లాడియా గోల్డిన్ పరిశోధన. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలైన ఆమెకు 2023లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ విభాగంలో బహుమతి పొందిన మూడో మహిళ ఆమె, ఎవరితోనూ పంచుకోకుండా పొందిన తొలి మహిళ కూడా ఆమే. అమెరికాలో రెండు వందల ఏళ్ల ఆడవాళ్ల పనిని లెక్కకట్టడానికి కూర్చున్నప్పుడు ఆమెకు ఎదురైన మొదటి అడ్డంకి పాత జనాభా లెక్కల్లోని వృత్తి గడి. పెళ్లయిన స్త్రీ భర్తతో కలిసి పొలంలో పనిచేసినా, దుకాణం నడిపినా, ఇంట్లో కూలికి సరుకు తయారుచేసినా ఆ గడిలో 'భార్య' అనే రాసేవారు. గోల్డిన్ ఇతర రికార్డులు వెతికి ఆ లెక్కను సరిచేశారు. పందొమ్మిదో శతాబ్దంలో వివాహిత స్త్రీల పని ఆ పట్టికలు చూపినదాని కన్నా చాలా ఎక్కువని తేలింది. రికార్డులో లేని పని అసలు జరగని పని కాదన్నది నాకు ఆమె దగ్గర దొరికిన మొదటి పాఠం. అత్తగారి కార్డు మీద పోయిన పన్నెండేళ్లను చూసినప్పుడు నాకు ఆ గడే గుర్తొచ్చింది.

రెండో పాఠం మీకు ఇంకా దగ్గరిది. పెళ్లయిన స్త్రీలను ఉద్యోగంలో తీసుకోకూడదని, పెళ్లి చేసుకుంటే తీసేయాలని అమెరికాలో పాఠశాల బోర్డులు, కార్యాలయాలు నిబంధనలు పెట్టుకున్న కాలాన్ని గోల్డిన్ వివరంగా పరిశీలించారు. 1942 నాటికి అక్కడి పాఠశాల బోర్డుల్లో 87 శాతం వివాహితలను కొత్తగా నియమించుకునేవి కావు, 70 శాతం ఉన్నవారిని కొనసాగించేవి కావు. ఇది పరాయి దేశపు పాత కథ అనుకోవడానికి లేదు. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోవాలన్న ఎయిర్ ఇండియా నిబంధనను మన సుప్రీంకోర్టు 1981లో కొట్టేసింది. పెళ్లి చేసుకున్నందుకు 1988లో ఉద్యోగం పోయిన సైనిక నర్సుకు 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని అదే కోర్టు చెప్పింది 2024 ఫిబ్రవరిలో.

ఇక 1952 నాటి భవిష్యనిధి పథకంలో 69వ పేరా రెండో ఉపపేరాను ఒకసారి చూడండి. ఉద్యోగం మానేసినవారు నిధి తీసుకోవడానికి రెండు నెలలు ఆగాలి, కానీ పెళ్లి కోసం రాజీనామా చేసే మహిళా సభ్యులకు ఆ నిరీక్షణ వర్తించదు అని అందులో ఉంది. రాసినవారు మంచి మనసుతోనే రాసి ఉంటారు. పెళ్లిలో డబ్బు అవసరం, ఆడపిల్ల ఎదురుచూడనక్కర్లేదు అనుకుని ఉంటారు. కానీ ఆ వాక్యం మీ సభ్యురాలి గురించి ఏమనుకుంటోందో చూడండి. పెళ్లితో ఆమె ఉద్యోగ జీవితం ముగుస్తుందని, మళ్లీ తిరిగి రాదని, ముసలితనంలో ఆమెను చూసుకునేవాడు దొరికాడు కాబట్టి ఖాతా మూసేయవచ్చని అనుకుంటోంది. మగ సభ్యుడు పెళ్లి కోసం రాజీనామా చేస్తాడన్న ఊహ ఆ పథకంలో ఎక్కడా లేదు.

అసలు నష్టం నిధి తీసుకోవడంలో లేదు, పింఛను సర్వీసును కూడా దానితో పాటు చెరిపేసుకోవడంలో ఉంది. పదేళ్లు నిండకుండా మానేసిన సభ్యులకు మీ ఫారం 10సీ రెండు దారులు చూపుతుంది. ఒకటి, పింఛను వాటాను ఒకేసారి తీసుకోవడం. ఏడేళ్ల సర్వీసుకు చివరి నెల జీతానికి ఏడు రెట్లకు కాస్త పైగా వస్తుంది, ఆ ఏడేళ్లూ అక్కడితో చెల్లు. రెండోది, స్కీమ్ సర్టిఫికెట్. డబ్బు రాదు కానీ సర్వీసు బతికి ఉంటుంది, తర్వాత ఎక్కడ చేరినా దానికి కలుస్తుంది. మా వీధి ఆమె మొదటి ఆరేళ్లకు సర్టిఫికెట్ తీసుకుని ఉంటే ఈరోజు ఆమెకు పదిహేనేళ్ల సర్వీసు. అలాంటిదొకటి ఉందని ఆమెకు చెప్పినవారు లేరు. నేను ఇన్నేళ్లలో బీడీలు చేసే ఆడవాళ్లను కనీసం యాభై మందిని అడిగి ఉంటాను, ఆ పేరు విన్నవారు ఇద్దరు. ఇది సర్వే కాదు, వీధిలో నిలబడి అడిగిన మాట మాత్రమే.

అమెరికాలో సామాజిక భద్రత అని పిలిచే ప్రభుత్వ పింఛను పథకంలోనూ అర్హతకు సుమారు పదేళ్ల పని కావాలి, ఏడాదికి నాలుగు చొప్పున నలభై క్రెడిట్లు. కానీ సంపాదించిన క్రెడిట్ చచ్చేదాకా చెరిగిపోదు. ఇరవై ఏళ్ల వయసులో మూడేళ్లు, పిల్లలు పెద్దయ్యాక ఏడేళ్లు చేసినా పది పదే. మధ్యలో ఇంత తీసుకుని లెక్క తేల్చుకుపొమ్మనే దారే అందులో లేదు. అందువల్ల అక్కడ పదేళ్ల షరతు, ఇక్కడి పదేళ్ల షరతు పైకి ఒకటే అయినా, ఆగి ఆగి పనిచేసే మనిషి మీద వాటి బరువు ఒకటి కాదు. అక్కడి పింఛను కూడా 35 ఏళ్ల సంపాదన సగటు మీద కట్టేది కాబట్టి పిల్లల కోసం మానేసిన ఏళ్లు సున్నాలుగా పడతాయి, అది దాని లోపం. అయినా సున్నా పడటం వేరు, చేసిన పని రద్దు కావడం వేరు.

ఆడవాళ్లే ఎందుకు ఎక్కువగా ఆగి ఆగి పనిచేస్తారన్నదానికి జవాబు ప్రభుత్వ గణాంకాల్లోనే ఉంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి సభ్యుల కోసం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే మహిళ రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొనే పురుషుడు 88 నిమిషాలు వెచ్చిస్తాడు. పిల్లల్ని, ముసలివాళ్లను, రోగులను చూసుకోవడంలో ఆమెవి 137, అతనివి 75. పాల్గొనే పురుషుల సంఖ్యే తక్కువన్నది మరో మాట. మరోవైపు పదిహేనేళ్లు పైబడిన మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవారు 2017-18లో 23.3 శాతం కాగా 2023-24లో 41.7 శాతానికి చేరారు. ఇది శుభవార్తే. కానీ పనిచేస్తున్న మహిళల్లో మూడో వంతుకు పైగా కుటుంబ వ్యాపారంలో, పొలంలో జీతం లేని సహాయకులు. వాళ్లలో ఎవరికీ మీ పథకం అందదు. జీతం, కార్డు, జమ ఉన్న ఆడవాళ్లు అసలే కొద్దిమంది, కనీసం వాళ్లయినా చేతికొచ్చిన పింఛను జారిపోకుండా చూడమని అడుగుతున్నాను.

బీడీ కార్మికులు మీ పరిధిలోకి ఊరికే రాలేదు. 1977లో భవిష్యనిధి చట్టం బీడీ పరిశ్రమకు వర్తించింది. ఇంట్లో కూర్చుని చుట్టేవారు మా ఉద్యోగులు కారని యజమానులు కోర్టుకెక్కితే, చుట్టిన బీడీల్లో మంచిచెడులు ఏరి తిరగ్గొట్టే అధికారం యజమానిదే అయినప్పుడు వారు ఉద్యోగులేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఇంటి అరుగు మీద కూర్చునే మనిషిని కర్మాగారపు కార్మికుడితో సమానంగా నిలబెట్టిన తీర్పు అది. ఇంత పోరాడి లోపలికి తెచ్చుకున్నవారిని పదేళ్ల గీత బయటికి పంపుతోంది.

రికార్డుల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మనవైపు పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న పాత ఖాతా, అత్తింటి ఇంటిపేరుతో ఉన్న ఆధార్, తండ్రి పేరు ఒకచోట, భర్త పేరు మరోచోట. ఒకే మనిషి మూడు కాగితాల్లో ముగ్గురు. సరిచేయించాలంటే పాత యజమాని సంతకం కావాలి, ఆ కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది. మగవాడి పేరు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒకటే కాబట్టి ఈ చిక్కు ఎంత పెద్దదో నియమాలు రాసేవారికి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు నేను కోరేది. మొదటిది, పదేళ్లు నిండకుండా మానేసిన ప్రతి సభ్యురాలికీ, సభ్యుడికీ స్కీమ్ సర్టిఫికెట్ దానంతటదే రావాలి. డబ్బే కావాలనుకున్నవారు ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి, అలా అడిగేటప్పుడు "మీరు ఇన్నేళ్ల సర్వీసు కోల్పోతున్నారు" అన్న మాట వారి భాషలో, పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఒకసారి తీసుకున్నవారు తిరిగి పనిలో చేరితే, ఆ మొత్తాన్ని వాయిదాల్లో కట్టి పాత సర్వీసును బతికించుకునే వీలుండాలి. పెళ్లి కోసం రాజీనామా అన్న వాక్యాన్ని కొట్టేయాలి. పాత భవిష్యనిధి చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి పాత పథకాలను కొత్తగా రాసుకోవాల్సిన సందర్భం ఎలాగూ ఇదే. 1952 నాటి వాక్యాన్ని కొత్త కాగితం మీదికి దించుకోకండి.

రెండోది, బిడ్డకు ఒక ఏడాది చొప్పున, గరిష్ఠంగా రెండేళ్లు, తల్లి పింఛను సర్వీసుకు కలపాలి. ఇది నా కల్పన కాదు. జర్మనీలో 1992 తర్వాత పుట్టిన ప్రతి బిడ్డకూ మూడేళ్లు, సగటు జీతం మీద, తల్లిదండ్రుల్లో పెంచినవారి పింఛను ఖాతాలో పడతాయి, డబ్బు కేంద్ర ఖజానా కడుతుంది. ఉరుగ్వే 2008లో బిడ్డకు ఒక ఏడాది, మొత్తం ఐదేళ్ల వరకు ఇచ్చింది. చిలీ అదే ఏడాది చేసిన సంస్కరణలో బిడ్డకింతని తల్లి పింఛనుకు అదనపు మొత్తం కలిపింది. ఈ దేశాలన్నీ మనకన్నా సంపన్నమైనవే, కాదనను. కానీ మన ఖర్చు ఎంతో లెక్కేసి చూద్దాం. పింఛను నిధికి యజమాని వాటా జీతంలో 8.33 శాతం. అంటే పన్నెండో వంతు. ఒక ఏడాది సర్వీసు కలపడానికి కట్టాల్సిన మొత్తం సరిగ్గా ఒక నెల జీతం! నెలకు నాలుగు వేలు చూసే బీడీ కార్మికురాలికి నాలుగు వేలు, పథకపు జీత పరిమితి మేరకు పదిహేను వేలు తీసుకునే ఉద్యోగినికి పదిహేను వేలు, జీవితంలో రెండుసార్లు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేనే ఈ సంగతి కాగితం మీద వేసుకునేదాకా గమనించలేదు.

ఈ ఖర్చు యజమాని మీద వేయవద్దు. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచినప్పుడు జీతం మొత్తం యజమానే భరించాలన్నాం. సెలవు అవసరమే, కానీ ఖర్చంతా ఒకరి నెత్తిన పెడితే, పెళ్లీడు అమ్మాయిని చూసి వెనకాడే యజమానులు తయారవుతారు. ఇంటర్వ్యూలో "పెళ్లెప్పుడు?" అని అడిగించుకున్న నా విద్యార్థినులు నాకు తెలుసు. పింఛను నిధికి కేంద్ర ప్రభుత్వం ఇప్పటికే జీతంలో 1.16 శాతం చెల్లిస్తోంది. ఆ దారినే బిడ్డ ఏళ్ల మొత్తం కూడా రావచ్చు, కొత్త యంత్రాంగం అక్కర్లేదు.

నిధి లోటులో ఉందని మీరంటారు. ఆ భయం నిరాధారం అనను. కానీ పదేళ్లు నిండక వెళ్లిపోయినవారి తరఫున నిధికి ఎంత మిగిలింది, వారిలో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అన్నది మీరు వేరుచేసి ఏటా ప్రచురిస్తే ఈ చర్చ ఊహల మీద కాక అంకెల మీద నడుస్తుంది. ఇది నా మూడో కోరిక, మూడింటిలోకీ చౌకైనది కూడా.

ఇక కనీస పింఛను. అది 2014 సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలే. నాలుగు వేల జీతం మీద పదిహేనేళ్లు చేసినా, మీ సూత్రం ప్రకారం నాలుగు వేలను పదిహేనుతో గుణించి డెబ్భైతో భాగిస్తే 857 వస్తుంది. అందుకే బీడీ చేసినవారికి ఆ వెయ్యే దిక్కు. ఇదే బీడీ కార్మికురాలికి తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛను కింద 2,016 రూపాయలు ఇస్తోంది. ఏమీ జమ చేయకుండా వచ్చేది రెండు వేలు, చెమటోడ్చి జమ చేసుకున్నదానికి వెయ్యి అయితే, భవిష్యనిధి మీద ఆమెకు గౌరవం ఎలా నిలుస్తుంది? ఎంతకు పెంచాలన్నది కార్మిక సంఘాలు మీ ముందు ఎన్నోసార్లు పెట్టాయి, నేను కొత్త అంకె చెప్పను. ధరలతో పాటు అది కదలాలని మాత్రం చెబుతాను.

గోల్డిన్, లారెన్స్ కాట్జ్‌తో కలిసి 2018లో తెచ్చిన సంపుటంలో అమెరికా మహిళలు అరవై దాటాక కూడా ఎందుకు పనిచేస్తున్నారో పరిశీలించారు. చదువు ఉండి, నడివయసులో పనిలో నిలదొక్కుకున్నవారు, చేసే పని నచ్చినవారు ఎక్కువ కాలం కొనసాగుతున్నారని తేలింది. అక్కడ రిటైర్ కాకపోవడం చాలామందికి ఎంపిక. మా వైపు ఆడవాళ్లకు రిటైర్మెంట్ అన్న మాటే లేదు. కాలూ చేయీ ఆడినన్నాళ్లు చేయడం, ఆడనినాడు కొడుకు దగ్గర చేయి చాచడం. 2016-20 లెక్కల్లో మన దేశంలో మగవారి సగటు ఆయుర్దాయం 68.6 ఏళ్లు, ఆడవారిది 71.4. పెళ్లినాటికి భర్త నాలుగైదేళ్లు పెద్దవాడు. అంటే ఒంటరిగా గడపాల్సిన ఆఖరి ఏళ్లు ఎవరివో విడిగా చెప్పనక్కర్లేదు. భర్త పింఛనులో సగం వితంతువుకు వస్తుంది, ఆ భర్తకు పింఛను ఉంటే. మా వీధి ఆమె భర్త గల్ఫ్‌లో పదకొండేళ్లు కూలి చేసి వచ్చాడు, అతనికి ఏ నిధిలోనూ ఖాతా లేదు.

తక్కువైన నాలుగు నెలలు ఇప్పుడు చేసినా సర్వీసుకు కలుస్తాయని నేనే ఆమెకు చెప్పాను. కొత్తగా కార్డులు ఇవ్వడం లేదని ఒక టేకేదారు (బీడీల గుత్తేదారు) అన్నాడట. పాత కార్డు మీదే రాయిస్తానని మరొకాయన ఒప్పుకున్నాడు. నెలకు పన్నెండు పదమూడు రోజులకు మించి పని దొరకదు, పని లేని రోజులు సర్వీసులోంచి పోతాయి కాబట్టి ఆ నాలుగు నెలలు నాలుగు నెలల్లో పూర్తికావు. పోయిన వారం నుంచి ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ అరుగు మీద కూర్చుంటోంది. వెయ్యి బీడీలు చుట్టడానికి ఇదివరకు ఒక రోజు పట్టేది, ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. మీ తదుపరి సమావేశపు అజెండాలో ఈ లేఖకు చోటు ఇస్తారని ఆశిస్తూ,

ఇట్లు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకురాలు,
నిజామాబాద్.